కొల్లేటి మీద ఆగిపోయిన విమానం

ఆ రోజుల్లో (ఆ రోజుల్లో అంటే మరీ వెనక్కి వెళ్ళిపోకండి, గట్టిగా అయిదేళ్ళు కూడా కాలేదు) నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసని నా నమ్మకం. ఒకటి కంప్యూటర్లు, రెండు విమానాలు. తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ లాబ్‌లో అసిస్టెంటుగా చేరి ఏడాదైంది కాబట్టి మొదటి నమ్మకానికి కాస్త ఆధారం ఉంది. రెండోదానికి అదీ లేదు. విమానం ఎక్కడం అటుంచి, దగ్గర్నుంచి చూసిన పాపాన కూడా పోలేదు. మా గూడెంలో రన్‌వే అయితే ఉంది. ఎప్పుడో యుద్ధకాలంలో వేశారట. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ దాని మీద జనం పొద్దున్నే నడవడం, స్కూటరు నేర్చుకోవడం చూశాను గానీ విమానం దిగడం మాత్రం చూళ్ళేదు. ఆ లోటు తీర్చుకోవడానికే కాబోలు, కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటి పట్టుకున్నాను. ప్రపంచాన్నంతా ఉపగ్రహం ఫొటోల్లోంచి తీసి అందులో పెట్టారు. గన్నవరంలో లేస్తే కాసేపటికి మన కొల్లేరు మీద ఉంటాం. కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టిఫిన్ తిని, అమ్మ సీరియల్ చూసుకునే గంటలో నేను పైలట్‌ని.

ఈ పైలట్ ఉద్యోగం నా మానాన నేను చేసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మధ్యలో కోట అత్తయ్య వచ్చింది. కోట అత్తయ్యంటే మా నాన్నకి అక్క. కొల్లేటికోటలో మావయ్యతో సమానంగా చేపల చెరువులు చూసుకుంటుంది. వాళ్ళమ్మాయి, అంటే మా వదిన, గౌహతిలో ఉంటుంది. అప్పుడు తొలి కాన్పు. ప్రయాణం చెయ్యకూడదని డాక్టరు చెప్పడంతో పుట్టింటికి రావడానికి లేకపోయింది. అత్తయ్యే వెళ్ళాలి. రైల్లో దగ్గర దగ్గర రెండు రోజులు, అత్తయ్య మోకాళ్ళు చూస్తే కైకలూరు దాకా బస్సులో కూర్చోడానికే మొరాయిస్తాయి. అన్నయ్యగారు (వదిన భర్త) విమానం టిక్కెట్టు తీసేశాడు, హైదరాబాదులో ఎదురొచ్చి రెండో విమానం తనే ఎక్కిస్తానన్నాడు. అత్తయ్య మాత్రం ససేమిరా అంది. "దోనె ఎక్కమంటే ఎక్కుతాను. అది మునిగితే ఈదుకుంటూ వస్తాను. పైనుంచి ఎలా ఈదుకు రాను?" అని అడిగేది. వదిన నాకు ఫోన్ చేసింది. "మా అమ్మని నువ్వే ఎలాగోలా ఒప్పించాలి అబ్బాయ్. ఇక్కడ నాకు భాష రాదు, మనిషి తోడు లేదు. నాకు భయంగా ఉంది" అంది. ఎప్పుడూ నన్ను ఏడిపించే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ ఊపులో, "నువ్వేం బెంగ పెట్టుకోకు వదినా. అత్తయ్యకి కంప్యూటర్లోనే మొత్తం ప్రయాణం చేయించి చూపిస్తాను. అలవాటైపోతుంది" అని మాటిచ్చేశాను. అత్తయ్యకీ అదే చెప్పాను. ఆవిడ ఆలోచించి, "సరే, చూస్తాను. నచ్చితే వెళ్తాను, లేకపోతే మళ్ళీ నా దగ్గర ఆ మాట ఎత్తకూడదు" అంది. నాలుగు వారాల తర్వాత ఆదివారం ముహూర్తం.

ఇక్కడే నా బుద్ధి కాస్త పెడదారి పట్టింది. అత్తయ్యకి చత్వారం, పాత చిన్న తెర మీద ఆవిడకేం కనబడుతుంది, పెద్ద మానిటరు కొనాలి అన్నాను ఇంట్లో. (పెద్ద మానిటరు మీద నాకు ఏడాదిగా కన్నుందని, అత్తయ్య చత్వారం దేవుడిచ్చిన వరమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.) ఏలూరులో ఒక కంప్యూటర్ షాపుంది. ఆ షాపాయన ప్రతిదానికీ "నిదానంగా చూద్దామండీ" అంటాడని నేను నిదానంగారు అని పేరు పెట్టుకున్నాను. ఆయన ఇరవై నాలుగు అంగుళాల మానిటరు చూపించి, "మీ గ్రాఫిక్స్ కార్డుకి ఇది చాలండీ" అన్నాడు. నేను గోడకి ఆనించి ఉన్న ముప్ఫై రెండు అంగుళాల వంపు తెరకేసి చూస్తున్నాను. "అదా అండీ? దాంట్లో మామూలు దానికంటే చుక్కలు నాలుగింతలుంటాయండీ. ప్రతి చుక్కకీ మీ గ్రాఫిక్స్ కార్డే రంగులెయ్యాలి. పాపం మొయ్యలేదండీ" అన్నాడు. నాకు కంప్యూటర్లు క్షుణ్ణంగా తెలుసు కదా, నవ్వి ఊరుకున్నాను. ఆ పెట్టెని పాసింజరు రైల్లో ఒళ్ళో పెట్టుకుని గూడెం తెచ్చేసరికి, టీవీయా బాబూ అని అడిగిన వాళ్ళు తొమ్మిది మంది. కాదండీ మానిటరు అంటే, "అదే, క్లాసులో గొడవ చేస్తే పేరు రాసేవాడా" అన్నాడు ఒక పెద్దాయన.

తెర వచ్చిన సంబరంలో అమ్మ తన వంతు పని మొదలుపెట్టింది. మా ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, ఫ్రిజ్జు నెత్తిన గుడ్డ, చివరికి ఆ ఫ్రిజ్జు పిడికి కూడా ఓ చిన్న తొడుగు. ఎవరైనా వస్తే అవి తీసి వస్తువు చూపించడం, వాళ్ళు గడప దాటగానే మళ్ళీ కప్పడం మా ఇంటి ఆచారం. ఇంత ఖరీదైన తెర పక్కన కంప్యూటరు పెట్టె బోసిగా ఉందని అమ్మకి అనిపించింది. మందపాటి నీలం గుడ్డ తీసుకుని, లోపల అస్తరు వేసి, నాలుగు పక్కలా తెల్లపూలు కుట్టి, ఆన్ చేసే బటన్ దగ్గర చిన్న కిటికీ, వెనక వైర్లకి ఒక చీలిక పెట్టి, కొలతలు తీసి చొక్కా కుట్టినట్టు కుట్టింది. దాన్ని తియ్యకుండానే కంప్యూటరు వాడుకోవచ్చు. "నీకు శ్రమ లేకుండా కిటికీ పెట్టానురా" అని చూపిస్తే, అమ్మ తెలివికి మురిసిపోయాను.

ఆ వారం నుంచే నా విమానానికి జబ్బు చేసింది. లేచేటప్పుడు బాగానే లేస్తుంది. పది నిమిషాలు హాయిగా ఎగురుతుంది. తర్వాత ఆగి ఆగి, ఒక్కో బొమ్మా పెళ్ళి ఆల్బం తిప్పుతున్నట్టు కదులుతుంది. నిదానంగారు అన్నట్టే తెర బరువైందని తేల్చుకుని, సిగ్గు చంపుకుని మళ్ళీ మానిటరు పెట్టె మోసుకుంటూ ఏలూరు వెళ్ళి, ఇరవై ఏడు అంగుళాల దానికి మార్చుకొచ్చాను. ఆయన నిదానంగా పాత బిల్లు కొట్టేసి కొత్తది రాసిచ్చాడు. జబ్బు మాత్రం తగ్గలేదు. మెమరీ పెంచాను. వైరస్ కోసం వెతికాను. ఆటలో సెట్టింగులు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చాను. ముందు మబ్బులు తీసేశాను. తర్వాత చెట్లు తీసేశాను. నీడలు, ఇళ్ళు, రోడ్ల మీద బళ్ళు తీసేశాను. చివరికి కొల్లేట్లో అలలు కూడా తీసేస్తే అది సిమెంటు గచ్చులా తయారైంది. అయినా పదో నిమిషంలో ఆయాసం ఆయాసమే. కాలేజీలో మాత్రం పిల్లల ముందు తలెత్తుకునే తిరిగేవాణ్ణి. మా లాబ్ తలుపు మీద నేనే స్వయంగా రాసి అంటించిన కాగితం ఒకటుండేది. "కంప్యూటర్ల మీద బాగులు, గుడ్డలు వగైరా కప్పరాదు. వేడెక్కును." రోజూ రెండుసార్లు ఆ కాగితం కింద నుంచే లోపలికి వెళ్ళి, బయటికొచ్చేవాణ్ణి.

చివరికి నిదానంగారినే బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. కొత్త మనిషి వస్తున్నాడని అమ్మ తొడుగు తీసి, మడిచి, బీరువాలో పెట్టింది. ఆయన కూర్చుని నిదానంగా గన్నవరంలో లేచి, నిదానంగా కాఫీ తాగి, రాజమండ్రి దాకా వెళ్ళి దిగాడు. ఎక్కడా తొణకలేదు. "బ్రహ్మాండంగా ఉంది కదండీ" అన్నాడు. ఆయన వీధి మలుపు తిరిగేసరికి అమ్మ తొడుగు కప్పింది, పది నిమిషాల్లో జబ్బు తిరగబెట్టింది. మరుసటి వారం మళ్ళీ పిలిచాను, మళ్ళీ అంతే. "నేనుంటే బానే నడుస్తుందండీ మీ విమానం" అన్నాడాయన జాలిగా చూస్తూ. అమ్మ నన్ను పక్కకి పిలిచి, "పోనీ ఆదివారం ఆయన్ని కూడా భోజనానికి పిలవరా, పక్కన కూర్చుంటాడు" అంది. నేను నిజంగానే కాసేపు ఆలోచించాను.

ఆదివారం రానే వచ్చింది. అత్తయ్య రొయ్యలు తెచ్చింది. భోజనాలయ్యాక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పవిట దోపుకుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, "ఊఁ, పోనియ్" అంది. ఆడపడుచు చూసి మెచ్చుకోవాలని అమ్మ ఆ తొడుగుని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తొడిగింది. విమానం లేచింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. "ఇంతేనా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పొలాలూ రోడ్లూ దాటి, కైకలూరు దాటి, కొల్లేటి అంచుకి వచ్చాం. సరిగ్గా అక్కడ విమానం ముక్కు కిందికి పెట్టి ఆగిపోయింది.

"ఏవిటిరా, ఆగింది?" అంది అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా, కాస్త ఆలోచిస్తోంది."

"గాల్లో ఆలోచించడమేవిటిరా. బయల్దేరేముందు ఆలోచించుకోవాలి గానీ."

నాన్న దగ్గుతూ బయటికి వెళ్ళిపోయాడు. అత్తయ్య తెరకేసి చూసింది, నాకేసి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నావల్ల కాదురా అల్లుడూ. దానికి ఫోన్ చేసి చెప్పేస్తాను. అక్కడే ఎవరైనా మనిషిని పెట్టుకోమంటాను" అంటూ ఫోన్ తీసింది. కూతురి పురిటికి వెళ్ళలేననడం ఆవిడకి మాత్రం తేలికా? నాకు వదిన గొంతు గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎలకని పిచ్చిపట్టినట్టు నొక్కుతున్నాను (ఎలకంటే కంప్యూటరుదే). అత్తయ్య నంబరు నొక్కబోయి ఆగింది. తల ఒకపక్కకి వంచి వింది.

"ఆ మోటారు ఏడుస్తోందేవిటి?"

"అది లోపలి ఫానండీ అత్తయ్యా. గట్టిగా తిరుగుతుంది."

"తిరగడానికీ ఏడవడానికీ నాకు తేడా తెలీదనుకున్నావా" అంది. ఆవిడ రోజంతా చెరువు గట్టున ఏరేటర్ల మోతలో బతికే మనిషి. చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఆ యంత్రాల్లో ఏది ఎప్పుడు నీరసించిందో చప్పుడుని బట్టే చెప్పేస్తుంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, ఒంగి, జ్వరం చూసినట్టు తొడుగు మీద చెయ్యి వేసింది. "ఒళ్ళు కాలిపోతోందిరా దీనికి. ఎవరు కప్పారిది?"

"దుమ్ము పడుతుందని నేనే కుట్టానండీ వదినా" అంది అమ్మ.

"పూలు బావున్నాయమ్మాయ్. కానీ మోటారుకి గోనె కప్పుతామా? ఊపిరాడొద్దూ?" అంటూ తొడుగు రెండు చేతులా పట్టి పైకి లాగేసింది. అన్నం గిన్నె మూత తీసినట్టు గుప్పుమని వేడి కొట్టింది. లాబ్ తలుపు మీది నా చేతిరాత అక్షరం అక్షరం కళ్ళముందు కదిలింది.

రెండు నిమిషాల్లో ఆ ఏడుపు తగ్గింది. విమానం ఒకసారి వణికి, ముక్కు పైకెత్తి కదిలింది. నేను తీసేసిన అలలూ చెట్లూ మబ్బులూ అన్నీ గబగబా ఎక్కడివక్కడ పెట్టేశాను. కింద కొల్లేరు మెరిసింది. అత్తయ్య కుర్చీ వదిలేసి తెర దగ్గరికి జరిగింది. "అదిగో, వంకర గట్టు, మన చెరువే. పక్కది మా పొరుగువాళ్ళది. అమ్మో, వాళ్ళది ఇంత పెద్దదా, ఎప్పుడూ చెప్పలేదు చూడు" అంటూ వేలితో చూపించడం మొదలుపెట్టింది. భయం సంగతి మర్చిపోయింది. ఆ ఉత్సాహంలో నేను రాజమండ్రిలో మూడు గెంతులు గెంతించి విమానం దింపాను. పైలట్‌గా అది నా జీవితంలోకెల్లా సిగ్గుపడాల్సిన దిగడం. అత్తయ్య మాత్రం తాపీగా కొంగు సర్దుకుంది. "నువ్వే ఇలా దింపగలిగితే, జీతం పుచ్చుకునేవాడు దింపలేడా. వెళ్తాను" అని, ఆ ఫోన్‌లోనే వదినకి చెప్పింది. అవతల్నుంచి వదిన ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి నాకూ వినిపించింది.

అనుకున్న రోజుకి గన్నవరం వెళ్ళి దింపి వచ్చాం. లోపల జరిగింది తర్వాత ఆవిడే చెప్పింది. ఒక పక్కన నిలిపి ఉంచిన విమానం ఇంజన్లకి ఎర్రటి తొడుగులు వేసి ఉన్నాయట. అత్తయ్య మెట్ల దగ్గరున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని, "అమ్మా, బయల్దేరేముందు ఆ గుడ్డలు తీయించండి. మా ఇంట్లో ఇలాగే మర్చిపోయారు, గాల్లో ఆగిపోయింది" అని చెప్పిందట. ఆ అమ్మాయి తప్పకుండా తీయిస్తామండీ అన్నాకే మెట్లెక్కిందట. గౌహతిలో మనవరాలు పుట్టింది. ఇప్పుడు అత్తయ్య ఏడాదికోసారి వెళ్ళొస్తుంది, కిటికీ సీటు ఇవ్వకపోతే ఊరుకోదు.

ఆ రోజు సంగతుల్లో ఒకటి నేను ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య తొడుగు లాగేసినప్పుడు అందరూ తెరకేసి చూస్తుంటే నేను అమ్మ మొహం చూశాను. రోజుల తరబడి కూర్చుని కుట్టిన పూలు నేల మీద ఉండలా పడి ఉన్నాయి. అమ్మ వాటిని తీసి దులిపి లోపలికి పట్టుకెళ్ళింది. మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కంప్యూటరు మీద కొత్త తొడుగు ఉంది, దోమతెర గుడ్డతో కుట్టింది. పాత పూలు జాగ్రత్తగా విప్పి దాని మీద కుట్టింది. "ఇది ఊపిరాడుతుందేమో చూడరా" అంది. గంటసేపు ఎగిరాను, ఎక్కడా ఆగలేదు.

మొన్న మొదటిసారి నిజం విమానం ఎక్కాను. కిటికీలోంచి కొల్లేరు కనబడింది, వంకర గట్టు కోసం వెతికాను గానీ దొరకలేదు. దిగేటప్పుడు ఒక్క గెంతు కూడా లేదు. ఇంటికొచ్చి దోమతెర మీది ఆ తెల్లపూలు చూస్తూ, మానిటర్లు మార్చి, చెట్లు పీకేసి, కొల్లేటికి సిమెంటు పోసిన ఆ కుర్రాడికి అమ్మ గుడ్డ ఎత్తి చూడాలని ఎందుకు తోచలేదా అనుకున్నాను. నవ్వొచ్చింది. ఒకవేళ తోచినా, వాడు అమ్మతో ఆ మాట చెప్పి ఉండేవాడు కాదు. ఇంకో మానిటరు కొని ఉండేవాడు.