దానికున్నదీ ఒక కన్నే

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక కన్ను లేకపోయినా, తలను అటూ ఇటూ కదిలించి చూసి పలక మందం కచ్చితంగా చెప్పేవాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకు క్యారియర్ తీసుకెళ్లాను. కొత్త మేనేజరు అందరి ముందూ, "ఒంటికన్నుతో మందం ఏం తెలుస్తాది నీకు? రేపట్నుంచి కంప్యూటరే చూసుకుంటాది, నువ్వు రావొద్దు" అన్నాడు.

నాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కంప్యూటర్ కోసం బల్లపైన కదలకుండా బిగించిన కెమెరాను చూపిస్తూ, "దానికి ఎన్ని కళ్లున్నాయి సార్?" అని అరిచాను. మేనేజరు బయటికి పొమ్మన్నాడు.

గేటు దాటాక నాయన, "దానికి తలకాయ తిప్పడం గూడా రాదు కదమ్మా" అన్నాడు.

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నాయన కన్ను పోయింది ఆ ఫ్యాక్టరీలోనే, రాయి చీలుస్తుంటే పెచ్చు ఎగిరి.