సుంకమ్మ ఇంటి పొగ

సుంకమ్మది తుంగభద్ర అవతలి కర్నూలు సీమ. అక్కడ వానలు లేక కౌలు చేను ఎండిపోతే, మొగుడు మద్దిలేటితో కలిసి తోలు పుట్టి పడవలో ఏరు దాటి, గద్వాల వైపు, కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ఏరు దాటితే ఇంగ్లీషు సర్కారు పోయి నిజాం సర్కారు వచ్చింది, నాణెం మారింది. ఆకలి మాత్రం ఏ సుంకం నాకా దగ్గరా ఆగకుండా వాళ్ల వెంటే వచ్చింది.

మా ఊరి జాగీర్దారు బీడుపడ్డ మెట్ట చెలక ఒకటి వాళ్లకిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. అవతలి నుంచి వచ్చినవాళ్లు మూడేళ్లు ఇల్లు విడవకుండా ఉంటేనే పట్టా. ఉన్నారో లేదో తెలిసేదెట్లా? పొయ్యి పొగ చూసి. పటేలు కింద పనిచేసే మస్కూరి బుచ్చన్న రోజూ పొద్దున్నే వచ్చి చూసేవాడు. వారం పాటు పొగ లేవకపోతే చెలక ఇంకొకరికి పోతుంది. ఈ హుకుం ఇచ్చిన మహానుభావుడు జన్మలో ఎన్నడూ పొయ్యి ఊది ఉండడని నా నమ్మకం.

అగ్గిపెట్టెలు దొరకని కాలం. మా ఊరి ఆడవాళ్లు పిడక పట్టుకొని పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకునేవాళ్లు. సుంకమ్మ కూడా మొదటిరోజే పక్కింటి బాలమ్మ గడప ముందు నిలబడింది.

"ఏటవతలోళ్లకు మా పొయ్యిల నిప్పియ్యం," అంది బాలమ్మ. "ఇయ్యాల నిప్పంటరు, రేపు పొలమంటరు."

సుంకమ్మకు ఒళ్లు మండింది. చెకుముకి రాయి కొట్టి తన నిప్పు తనే చేసుకుంది. ఆనాటి నుంచి దాన్ని ఆరనివ్వలేదు. పడుకునే ముందు బూడిద కప్పి, తెల్లారి తీసి ఊదేది. బాలమ్మ గడప మళ్లీ తొక్కలేదు.

మూడో ఏడు ఎండాకాలం మద్దిలేటి రాయచూరు వైపు కాలువ పనికి పోయాడు. చెలక కోసం సుంకమ్మ ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది. కొన్నాళ్లకు అదే పని నుంచి తిరిగొచ్చిన భీమన్న కబురు తెచ్చాడు.

"మట్టిపెళ్ల ఇరిగి మీద పడి మద్దిలేటి కాలిరిగిందక్కా. దవాఖానల ఉన్నడు. నువ్వు పోతెనే ఇల్లు చేరుతడు."

పోతే చెలక పోతుంది. సుంకమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. నిప్పు మీద బూడిద కప్పి, తలుపు దగ్గరికేసి బయల్దేరింది. దారి పొడుగునా ఏడ్చింది. చెలక కోసమే ఏడ్చింది, దాచడమెందుకు.

మద్దిలేటిని బండిలో పడుకోబెట్టుకొని తిరిగొచ్చేసరికి నెల కావస్తోంది. పొలిమేర నుంచే తన ఇంటి కప్పు మీద పొగ కనిపించింది.

"మన ఇంట్లో ఎవురో దిగినారు," అంది మొగుడితో. "అంతా అయిపాయ."

ఎదురొచ్చిన బుచ్చన్నను అడగబోయింది. అతను ఆమె మొహం చూడకుండా, "నన్ను పొగ జూడమన్నరు. ఊదేటోళ్లను జూడమనలే," అని తన దారిన పోయాడు.

ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతున్నది బాలమ్మ. కళ్లు పొగకు ఎర్రబడి ఉన్నాయి.

"నీ నిప్పు ఆరిపోయింది. రోజు మా పొయ్యిలదే తెచ్చి ఏస్తున్న," అంది తలెత్తకుండా. "మా తమ్ముడు బతకనీకె షోలాపూర్ పోయిండు. ఆడ వాన్ని గూడ ఏడికెల్లి వచ్చినవని అడుగుతరట. నువ్వు పోయిన్నాడు వాడు యాదికొచ్చిండు."

సుంకమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

ఆ ఏడు పట్టా వచ్చింది. అది వచ్చిన మర్నాడు పొద్దున బాలమ్మ చేతిలో పిడకతో సుంకమ్మ గడప ముందు నిలబడింది.

"మా పొయ్యి ఆరింది. జర నిప్పియ్యి అక్కా."

సుంకమ్మ మంచి కణికలు ఏరి పిడక మీద పెట్టింది. అప్పటికే బాలమ్మ ఇంటి కప్పు మీద పొగ లేస్తూనే ఉంది. ఇద్దరూ అటు చూడలేదు.