నవ్వమని అడగని ఫోటో మావ

బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మా వీధి చివర స్టూడియో నడిపే ఆయన్ని అందరం ఫోటో మావ అనేవాళ్ళం. ఆయన ఎవరినీ నవ్వమనేవాడు కాదు. అడవుల్లోని తిరుగుబాటుదార్లని అణచడానికి తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టినప్పుడు, గుర్తింపు కార్డుల కోసం రబ్బరు ఎస్టేట్లన్నీ తిరిగి, వేలమందిని "నవ్వకండి" అని చెప్పి ఫోటోలు తీశాడట. ఆ తర్వాత నవ్వమని చెప్పడానికి నోరు రాలేదట.

తిరుగుబాటుదార్లకి బియ్యం ఇచ్చాడన్న అనుమానంతో మా నాన్నను పట్టుకెళ్ళి ఏడాదిన్నర అయ్యింది. అమ్మ నవ్వుతున్న ఫోటో ఒకటి పంపమని నిర్బంధ శిబిరం నుంచి ఉత్తరం రాశాడు. నేను అమ్మను స్టూడియోకి తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చుని అమ్మ పెదవులు సాగదీసింది గానీ అది నవ్వు కాలేదు.

ఫోటో మావ కెమెరా పక్కన నిలబడి తాపీగా అడిగాడు. "ఇంట్లో ఎవుల్ని ఎక్కువ తిడతావమ్మా?"

"ఇంకెవుల్ని, ఆయన్నే," అంది అమ్మ. "సెప్పులు ఎక్కడ ఇడిసినాడో ఆయనకే తెల్దు. ఒకటి వాకిట్లో, ఇంకోటి కోళ్ళగూట్లో. నానే ఎతకాల."

చెబుతూ చెబుతూ నవ్వేసింది. కెమెరా క్లిక్‌మంది. మరుక్షణం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆయన కెమెరా మీద నల్లగుడ్డ కప్పేశాడు. "ఏడు తల్లీ. ఇది నాను తియ్యను," అన్నాడు.

దేశానికి మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడాది నాన్న ఇంటికొచ్చాడు. అంచులు నలిగిన ఆ ఫోటో చొక్కా జేబులోంచి తీసి నాకు చూపించాడు.

"ఇందులో మీయమ్మ నోరు తెరిసుంది. ఏటంటందో అని రోజుకో మాట అనుకునీవోణ్ణి."

ఆ సంగతి వెళ్ళి ఫోటో మావకి చెప్పాను. ఆయన ఇంకోసారి చెప్పమన్నాడు.