సందు కాడ నిలబడ్డ మనిషి

మంగళారం పొద్దుగాల కుస్తీ నేర్పే నా తాలీం ముందట కూసోని పండ్లు తోముకుంటున్న. ఫ్యాక్టరీ దిక్కు నుంచి ఒక మనిషి సైకిల్ మీద వచ్చిండు. దిగలే, ఒక కాలు కింద ఆనిచ్చి చెప్పిండు. "వస్తాద్, మీ సడ్డకుడు పోయిండు. డ్యూటీకి తయారైతుంటె గుండెల నొప్పి అన్నడట. దవాఖానకు తీస్కపోయే లోపల్నే అయిపోయింది." నోట్ల యాపపుల్ల అట్లనే ఉన్నది. నాకు ఏడుపు రాలే. అబద్ధమెందుకు రాయాలె, ముందుగాల నా మనసుల వచ్చింది ఇదీ: నాకంటె ఆరేండ్లు చిన్నోడు, దీంట్ల గూడ నన్ను దాటి ముందల పోయిండు.

సడ్డకుడంటె నా భార్య చెల్లె పెనిమిటి. ఆంధ్ర దిక్కు నుంచి నౌకర్లకు వచ్చినోళ్ళు తోడల్లుడంటరు. యూనియనోళ్ళు ఆయన మీద చిన్న పుస్తకం అచ్చేస్తున్నరట. "వస్తాద్, నువ్వు దగ్గరోనివి, నాలుగు మంచి మాటలు రాసియ్యి" అన్నరు. నా అక్షరాలు రాత్రి బడిల నేర్చినయి, అదీ మీసాలు నెరిసినంక. తప్పులుంటె ఉండనీ. మంచి మాటలే రాస్త, గని నాకెట్ల తెలుసో అట్ల రాస్త. దిద్దుతమంటె నా కాయితం నాకు వాపసు ఇయ్యుండ్రి.

ఆయన మీద నాకు కుళ్ళు. లగ్గమైన కాన్నుంచి ఉంది. మా అత్తగారి ఊరు కంది. పండుగకు ఇద్దరల్లుండ్లం పోతుంటిమి. నేను చుట్టు పది ఊర్లల్ల కుస్తీ గెలిచినోన్ని, నా మెడ చూస్తే ఎద్దు గూడ జరుగుతుండె. ఆయన సన్నగ, పొడుగ్గ, మాట మెల్లగ. ఇంట్ల అడుగు పెట్టుడుతోనే చెప్పులు తలుపు దిక్కు మొకం పెట్టి ఇడుస్తుండె, లేస్తే తొడుక్కోని బయట పడేటట్టు. మల్ల సీదా వంటింట్లకు పోయి పొయ్యి పక్కన ఉన్న కట్టెలు, చొప్ప అన్ని తీసి దూరం పెడుతుండె. పొయ్యి కాడ ఒక బిందె నీళ్ళు పెట్టిస్తుండె. మా అత్త మురిసిపోతుండె. "చూడుండ్రే, చిన్నల్లుడు రాంగనే పనందుకుండు. పెద్దల్లునికి ఇంకో నాలుగు రొట్టెలెయ్యుండ్రి" అంటుండె. నా బలం ఆమెకు రొట్టెల కాడనే కనవడ్డది.

ఆయన నౌకరి అటువంటిది. ముందుగాల పట్నంల మంటలార్పే అగ్గిబండి మీద చేసిండు. మా దిక్కు ఫ్యాక్టరీలు లేస్తున్నప్పుడు, పందొమ్మిదొందల అరవైల నడుమ, ఒక ఫ్యాక్టరీల అగ్గి ఆర్పే సెక్షన్ల దొరికింది. మా ఊర్లనే ఇల్లు కిరాయికి తీసుకుండు. నా ఊరు, నా తాలీం, నా కాడ కుస్తీ నేర్చే శాగిర్దులు, నడుమ ఈయన. పెండ్లికి పోతే అందరు పెండ్లి పిల్లను చూస్తరు, ఈయన పందిరికి తొవ్వలెన్ని ఉన్నయో చూస్తుండె. "ఏం తమ్మీ, బువ్వ తినకుండనె ఉరుకుదామని చూస్తున్నవా?" అని నేను మందిల గేలి చేస్తుంటి. నవ్వుతుండె. "అన్నా, లోపలికొచ్చే తొవ్వ అందరు సూస్తరు. బయటికి పోయే తొవ్వ ఒక్కడన్న సూడాలె గద" అంటుండె. గా నవ్వే నాకు పడకపోతుండె.

ఇగ అసలు సంగతి రాస్త.

మా ఊరి జాతరకు కుస్తీలు నేనే పెడుతుంటి. చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతోని మొదలై, పొద్దు వాలేయాలకు వెండి కడియం కుస్తీతోని అయిపోతయి. ఊరి బయట పంచాయతీ జాగల కుస్తీ పట్టే గోదా తవ్వి, చుట్టు ఎడ్లబండ్లు గుండ్రంగ నిలబెడుతుంటిమి. ఎడ్లను ఇప్పి వాగు కాడ కట్టేస్తుండ్రి. బండ్ల చక్రాలు గీరకు గీర ఆనిచ్చి పెడితె కోట లెక్క అయితుండె. బండ్ల మీద పెద్దమనుషులు, ముసలోళ్ళు, ఆడోళ్ళు. బండ్ల లోపట కింద కూసున్న మంది. నడుమ గోదా. నా బండ్ల కోటల చెయ్యి దూరే సందు గూడ ఉండదని నాకు గొప్ప. ఇంద్రేశం, కర్దనూర్ ఊర్ల పహిల్వాన్లు గూడ చూసి "ఏం కట్టినవే వస్తాద్" అంటుండ్రి.

ఫ్యాక్టరీలు వచ్చినంక మంది రెండింతలైండ్రు, మూడింతలైండ్రు. ఓ యేడు సర్పంచ్ నన్ను పిలిచిండు. "వస్తాద్, జాగ పంచాయతిది. ఏమన్నయితె నన్ను అడుగుతరు. జవాబుదారి ఎవలు? కాయితం మీద రాసియ్యాలె" అన్నడు.

"నా నోటి మాట చాలదా? ఇన్నేండ్లు చాలింది గద" అన్న.

"నోటి మాట సంచిల ఏసుకోని తాసిల్దారు కాడికి పోవాల్నా నేను? మీ సడ్డకుడున్నడు గద, గీ పనులు ఆయనకెర్క. రాయించుకరా" అన్నడు.

రాయించుకొచ్చిన. అడుగున సంతకం ఆయనది. నాది ఆయన పక్కన వేలిముద్ర, అప్పటికి నాకింకా అక్షరాలు రాకుండె. రాత్రి బడికి నేను ఎందుకు పోయిన్నో ఇప్పుడు మీకు తెలిసింది.

జాతర నాడు తెల్లారంగనే ఆయన జాగల దిగిండు. అడుగులేసి కొలిచిండు, మేకులు కొట్టిండు, సున్నంతోని గీతలు గీసిండు. నా కోటను మూడు దిక్కుల తెగ్గొట్టిండు. ఒక్కొక్క సందు బండి అంత వెడల్పు. ఊరి దిక్కున్న సందు పక్కన ఆడోళ్ళ జాగ. పకోడీలోళ్ళ పొయ్యిలు మందికి నీడకేసిన షామియానాకు దూరంగ జరిపిచ్చిండు. తాగే నీళ్ళ రంజన్లు రెండు దిక్కుల పెట్టిచ్చిండు. తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి పంచాయతీ జెండా కట్టె కింద కూసోబెట్టాలని చాటింపేయించిండు. ఎడ్లబండ్లోళ్ళు ఒక్కొక్కడే వస్తుండు. కొత్త రుమాలు కట్టుకోని, మీసం దువ్వుకోని నేను నడుమ నిలబడ్డ. వాండ్లు నన్ను దాటుకుంట పోయి ఆయన్ని అడుగుతుండ్రు, "సారూ, బండేడ పెట్టమంటవు?"

సారూ! నా ఊర్ల, నా గోదా కాడ.

నేను పోయి అడిగిన. "గీ సందులెందుకు తమ్మీ? కుక్కలు దూరనీకా?"

"మంది బయటికి పోనీకన్నా."

"మంది కుస్తీ చూడనీక వచ్చిండ్రు, పోనీక రాలే."

ఆయన సున్నం చేతులు దులుపుకుండు. "భయం తగిలినోనికి కండ్లుండయి అన్నా, కాళ్ళే ఉంటయి. ఆ కాళ్ళకు తొవ్వ ఉండాలె" అన్నడు. నా శాగిర్దులు ఇంటున్నరు. వాండ్లల్ల ఒగడు తలకాయ ఊపిండు. వాని తలకాయ గుద్దాలనిపించింది నాకు.

పగలంత మంచిగనే నడిచింది. కడియం కుస్తీ యాళ్ళకు అవతలి దిక్కు ఒక ముసలామె ఎండకు పడిపోయింది. ఆయన నీళ్ళు తీస్కోని ఆడికి ఉరికిండు. ఊరి దిక్కు సందు ఖాళీగ ఉంది. ఆడికెల్లి చూస్తె గోదా అద్దం లెక్క కనవడ్తది. నా బండి వెనక వరసల పడ్డది, నేను ఎవ్వలకు కనవడ్తలేను. నలుగురు శాగిర్దుల్ని పిలిచిన. "తొయ్యుండ్రిరా" అన్న. నా బండి తెచ్చి ఆ సందుల అడ్డం పెట్టిచ్చి, పైకెక్కి చేతులు కట్టుకోని నిలబడ్డ. మంది అంత నన్ను చూసిండ్రు. ఎందుకు దాచాలె, కడుపు సల్లగయింది.

పహిల్వాన్లు చెయ్యి కలుపుతుండ్రు. అప్పుడే దుమారం లేసింది. ఎండకాలం మా దిక్కు దుమారం చెప్పి రాదు. మట్టి లేసి కండ్లు మూసుకపోయినయి. షామియానా గుంజ ఒకటి పటుక్కుమని ఇరిగింది, బట్ట గాలికి లేసి మంది మీద పడ్డది. ఎవ్వడో "పడ్డది! పడ్డది!" అని మొత్తుకుండు. ఇగ లేసిండ్రు మంది. ఊరి దిక్కు ఉరికిండ్రు. ఊరి దిక్కు నా బండి ఉంది.

బండికి ఆనిన మందిల మా ఇంటామె ఉంది, దాని చెల్లె ఉంది. వెనకోళ్ళు నూకుతుంటె ముందలోళ్ళకు బండి పలకలు పొట్టల దిగుతున్నయి. నేను పైన నిలబడి "ఆగుండ్రి! ఆగుండ్రి!" అని ఒర్రుతున్న. నా గొంతుకు నాలుగూర్లు ఇంటయి అంటరు. ఆ పొద్దు నా పెండ్లామే ఇనలే.

ఆయన బండ్ల కింది నుంచి పాక్కుంట బయటికెల్లి, చుట్టు తిరిగి వచ్చిండు. మొకం నిండ మట్టి. నన్ను చూడలే, నా బండి నొగ చూసిండు. బయటున్న ఫ్యాక్టరోళ్ళను కేకేసిండు, "నొగ పట్టుండ్రి! నేను గుంజమంటె గుంజుండ్రి!" లోపలి మందికి "వంగుండ్రి, బండ్ల కింద దూరుండ్రి, పిల్లల్ని ముందుగాల" అని ఒక్కటే మాట మల్ల మల్ల చెప్పిండు. నలుగురు దూరిండ్రు, వాండ్లను చూసి పదిమంది, ఇగ అందరు. బండి మీద ఒత్తుడు జెర తగ్గంగనే "గుంజు!" అన్నడు. గీర కింద భుజం పెట్టి ఎత్తిండు. నేను దుంకి రెండో గీర పట్టిన. బండి తిరిగింది, ఒరిగింది, ఆయన మీద పడ్డది. సందు తెరుసుకుంది.

ఎవ్వలు సావలే. ఒక ముసలోని కాలిరిగింది. మా ఇంటామె గాజులు పలిగి మణికట్టుల దిగినయి. ఆయన భుజం బొక్క ఇరిగింది.

తెల్లారి ఊరి పెద్దలు చావడిల కూసుండ్రు. సర్పంచ్ ఒక్కటే మాటన్నడు, "ఇగ నా పంచాయతీ జాగల కుస్తీలు బంద్." కుస్తీలు లేకుంటె నేనెవన్ని? అందరు నా దిక్కే చూస్తుండ్రు. తప్పు నాదని ఒప్పుకుంటె ఆడికి అయిపోతుండె. నా నోట్లకెల్లి ఏమొచ్చిందో తెలుసా? "దుమారం నేను తెచ్చిన్నా?" అన్న.

మూలకు కూసున్న ఆయన లేసిండు. చెయ్యి మెడకు కట్టి ఉంది. "సర్పంచ్ సాబ్, ఆ సందు కావలి నాది. నేను ఇడిసి పోయిన, ఇంకో మనిషిని పెట్టకుండ పోయిన. కాయితం మీద సంతకం నాది, తప్పు నాది. జాతర బంద్ చేస్తే మంది ఇంకోకాడ, ఎవ్వలు చూసుకోని కాడ జమైతరు. మల్లేటి జాతరకు నాకు సందుకొక పక్కా మనిషినియ్యుండ్రి."

"ఎవలు గావాలె?"

"ఊరి దిక్కు సందుకు అన్న గావాలె."

చావడి అంత నవ్వింది. సర్పంచ్ గూడ నవ్విండు. జాగ దక్కింది.

నవ్వుకుంట లేసి పోతుండ్రు. పోయేటోళ్ళంత ఆయన మంచి భుజం మీద చెయ్యేసి పోతుండ్రు. ఎనభై ఊర్ల ముందట కుస్తీ ఓడిపోయినా నాకంత మంట లేకపోతుండె. తప్పు గూడ నాకియ్యలే, అదీ ఆయనే తీసుకుండు. దాన్ని గూడ మెడల దండ లెక్క ఏసుకోని పోయిండు. ఇంటికి పోయే తొవ్వల ఆపి అడిగిన, "నా తప్పు నువ్వెందుకు మోసినవ్ రా? నేను అడిగిన్నా?"

ఆయన మొదటిసారి నా మీద గరం అయిండు. "నీ కోసం మోయలే. సందు ఇడిసిపెట్టిపోయింది నేనే. నీ తప్పు నీ కాడనే ఉంది, ఎవ్వలు తీస్కపోలే. మల్లేడు ఆడ నిలబడు, తెలుస్తది" అన్నడు. పోయిండు. చెప్పులీడ్చుకుంట పోతున్న ఆయన్ని చూసి నాకు ఇంకింత మండింది, ఎందుకంటె ఆయనన్నది కరెక్టు.

మల్లేడు నిలబడ్డ. కడియం కుస్తీ మొదలైంది. సందు కాడ కావలోడు గోదాకు వీపు పెట్టి మందిని చూడాలె, అది ఆయన పెట్టిన ఖాయిదా. ముప్పై ఏండ్లు కుస్తీ కండ్లార్పకుండ చూసినోన్ని, వీపు తిప్పి నిలబడ్డ. అప్పుడు చూసిన మనుషుల మొకాలు. ఒగడు పండ్లు కొరుకుతుండు, ఒగామె కొంగు నోట్ల పెట్టుకుంది, ఒక ముసలోడు తనే పట్టు పట్టినట్టు చేతులు తిప్పుతుండు. వాండ్ల మొకాలల్ల పట్టు ఎవనిదో, కింద ఎవడో నాకు తెలుస్తనే ఉంది. ఒక్కపారి మంది అంత లేసి కేక పెట్టిండ్రు. నేను ఆగలేకపోయిన. గిర్రున మల్లిన.

గోదాల పహిల్వాన్ను భుజాల మీదికెత్తుతుండ్రు. మట్టి పొగ లెక్క లేసింది. ఆ మట్టి అవతల, ఎదురు సందు కాడ, మా సడ్డకుడు గోదాకు వీపు తిప్పి అట్లనే నిలబడి ఉన్నడు. ఇంత లొల్లిల మెడ గూడ తిప్పలే. చంకల పిల్లనేసుకున్న ఒక ఆడిమనిషి బయటికి పోతుంటె, మందిని చేతితో జరుపుకుంట ఆమెకు తొవ్వ ఇస్తుండు.