ఇరవై మైళ్ల మీద ఎమ్లిన్ బస్సు

వేల్స్ కొండల్లోని మా పెంట్రె కోచ్ ఊళ్లో మనిషికి ఇంటిపేరు అక్కరలేదు, చేసే పనే ఇంటిపేరు. రొట్టెల గ్వెన్, పాల హ్యూ, అలాగే బస్సు ఎమ్లిన్. అతని అసలు ఇంటిపేరు నాకు తెలుసు గానీ, ఊళ్లో ఇంకెవరికీ తెలియదని పందెం కాస్తాను. కొండ దారిలో అయిదూళ్లను రైల్వే స్టేషనుతో కలిపే బస్సును ముప్ఫై ఒక్క ఏళ్లుగా నడుపుతున్నాడు. బస్సు కంపెనీదే, కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మనిషి తలుపంత ఎత్తు. ప్రార్థనామందిరంలో పాడితే కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. ముసలివాళ్లు బస్సెక్కితే, కూర్చుని సంచి ఒళ్లో సర్దుకునేదాకా అద్దంలో చూస్తూనే ఉంటాడు. ఆ తర్వాతే బండి కదుపుతాడు. ఇన్నేళ్లలో ఆ బస్సులో ఒక్కరు తూలి పడ్డది లేదు.

రెండువేల ఇరవై మూడు సెప్టెంబరులో మా వేల్స్ అంతటా ఇళ్లున్న రోడ్ల మీద వేగ పరిమితి గంటకు ముప్ఫై మైళ్ల నుంచి ఇరవైకి దిగింది. ఆదివారం పొద్దున లేచేసరికి చట్టం మారిపోయింది, ఊళ్లు రెండుగా చీలిపోయాయి. బడి ఎదురుగా ఉండే నియా, "ఇప్పుడు పిల్లల్ని రోడ్డు దాటిస్తుంటే గుండె గొంతులోకి రావడం లేదు ఆంటీ" అంది. గొర్రెల గెథిన్ మాత్రం, "నా కుక్క ముసలిది, మూడు కాళ్ల మీద కుంటుతుంది, అది కూడా ఇరవై దాటుతుంది!" అని రొట్టెల కొట్లో చేతులు ఊపుతూ అరిచాడు. ఊరి మొదట్లో బోర్డు మీద ఇరవై అంకెకు ఎవరో నల్లరంగు పూశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. ఇరవై వద్దని కాగితం తిరిగితే మొదటి సంతకం నాదే. నాకు కారు లేదు, లైసెన్సు అంతకన్నా లేదు. అయినా ఊరంతా మాట్లాడుతుంటే నేను ఊరుకోవడమా?

ఎమ్లిన్ ఏ వైపూ మాట్లాడలేదు. బోర్డు మీద ఇరవై ఉంటే స్పీడు ముల్లు ఇరవై దగ్గరే నిలబెట్టేవాడు. వెనక కార్లు బారులు తీరి హారన్లు మోగించేవి. ఒకరోజు పోస్టాఫీసు స్టాపులో గెథిన్ తన బండి అద్దం దించాడు.

"ఏమయ్యా ఎమ్లిన్, బస్సా ఇది, శవయాత్రా?"

"శవయాత్ర కాకూడదనే ఇరవైలో పోతున్నా గెథిన్. నువ్వు మీ ఆవిడ పిలిచినా ఇంత తొందరపడవు కదా, ఇప్పుడేమైంది?"

బస్సంతా గొల్లున నవ్వింది. గెథిన్ అద్దం పైకెత్తేసుకున్నాడు.

ఆ నవ్వు జనవరి దాకానే. బస్సు స్టాపు అద్దానికి కంపెనీ వాళ్లు ఒక కాగితం అంటించారు. బస్సు రోజూ పదకొండు నిమిషాలు ఆలస్యమవుతోందట, పది ఇరవై రైలు తప్పిపోతోందట. ఈస్టరు తర్వాత బస్సు పెద్దరోడ్డు మీదుగా తిన్నగా పోతుందట. అంటే మా ఊరు రాదు. నా పక్కింటి హైల్వెన్‌కు నెలకొకసారి కంట్లో సూది వేయాలి. ఆ రైలు అందితేనే ఆసుపత్రి. సూది తప్పితే చూపు పోతుంది. కాగితం నేను చదివి వినిపిస్తే ఆమె, "అయితే నా కళ్లకు కూడా ఈస్టరు దాకానే గడువన్నమాట" అని, నవ్వినట్టు మొహం పెట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ శుక్రవారం ప్రార్థనామందిరం వెనక గదిలో ఊరు కూడింది. టీ, ఎండుద్రాక్షల రొట్టె, వాటికి మించి కోపం.

"తప్పంతా ఆ ఇరవైదే!" అన్నాడు గెథిన్. "ఎమ్లిన్, ఊళ్లో ముప్ఫైలో పోవయ్యా. నిన్ను చూసేదెవరు?"

"నేను చూస్తాగా" అన్నాడు ఎమ్లిన్.

"చట్టం రాసినవాళ్లు బస్సెక్కరయ్యా! నీ నిజాయితీ పట్టుకుని హైల్వెన్ కళ్లు పోగొట్టుకోవాలా?" ఈ మాట అన్నది నేనే. అందరూ తలలూపారు.

ఎమ్లిన్ కప్పు పక్కకు జరిపాడు. తర్వాత కోటు జేబులోంచి కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. వంటింట్లో గుడ్లు ఉడకబెట్టేటప్పుడు తిప్పేది.

"రెండు వారాలు దీన్ని స్టీరింగు పక్కన పెట్టుకున్నా. ఇరవైలో పోతే ఈ దారంతటికీ నాకు పోయేది మూడున్నర నిమిషాలు. మిగతా ఏడున్నర నిమిషాలూ బస్సు కదలకుండా నిలబడే పోతున్నాయి. తలుపు దగ్గర."

"తలుపు దగ్గర ఏముంది?" అన్నాడు గెథిన్.

"కబుర్లు. ముందు కూడా ఉండేవి. రైలు కూడా కాస్త ఆలస్యంగా వచ్చేది గనక అందేది. ఇప్పుడు ఈ మూడున్నర కలిసేసరికి తప్పిపోతోంది."

మా ఊళ్లో బస్సెక్కేవాడు మెట్టు మీద నిలబడి ముందు ఎమ్లిన్‌కు క్షేమసమాచారం చెప్పాలి, పై ఊళ్ల సంగతులు అడగాలి, ఆ తర్వాతే బస్సు కార్డు కోసం సంచి వెతకాలి. అది మర్యాద. అలా చేయనివాణ్ణి పొగరుబోతు అంటాం. ఆ మర్యాదకు నిమిషాలు ఖర్చవుతాయని ఎవరికి తట్టింది?

"ఒక్క స్టాపులోనే మూడు నిమిషాలు పోతున్నాయి" అన్నాడు నెమ్మదిగా. "పేరు చెప్పను. పోస్టాఫీసు స్టాపు."

గది మొత్తం నావైపు తిరిగింది. నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని కిటికీలోంచి వాన చూశాను.

"మరి ముసలాళ్లు కూర్చునేదాకా ఆగుతావే, అది?" అని గ్వెన్ అడిగింది.

"అది కూడా అందులోనే ఉంది. అది మాత్రం తగ్గించను. మిగతాది మీ దయ."

ఇంటికి నడుస్తుంటే మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచించాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను మెట్టు మీద నిలబడి వాగుతుంటే ఆ మనిషి ఒక్కసారి కూడా "ఎక్కు ఆంటీ" అనలేదు. ఇప్పుడు కూడా నా పేరు చెప్పలేదు. తన తప్పు కాని తప్పుకు నాలుగు నెలలు హారన్లు, తిట్లు తిన్నాడు. మేమేమో చట్టాన్ని తిట్టాం.

మర్నాటి నుంచి నేనే పోస్టాఫీసు దగ్గర నిలబడి అందరినీ వరసలో పెట్టాను. "కార్డులు చేతిలో! నోళ్లు మూసుకోండి! కబుర్లు బస్సు కదిలాక, వెనక సీట్లలో!" అరవడం నాకు చేతనైన పనేగా. మిగతా నాలుగూళ్లకు ఫోన్లు చేశాను. అదీ చేతనైన పనే.

మార్చిలో, బస్సు రైలుకు అందుతోందో లేదో చూడడానికి, కంపెనీ నుంచి ఒక అమ్మాయి చేతిలో గడియారంతో బస్సెక్కి వెనక కూర్చుంటుందని తెలిసింది. ఆ అమ్మాయి వచ్చిన పొద్దున్నే, నెలలు నిండిన నియాకు కవలలు పుట్టారు. ఊళ్లో ఆ సంగతి మొదట తెలిసింది నాకు! ఎమ్లిన్ ఆమెకు వేలువిడిచిన మేనమామ. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఎదురుగా అతను. నా నాలుక చివర ఇద్దరు పిల్లలు. హైల్వెన్ వెనకనుంచి నా కోటు పట్టుకుని లాగుతోంది. కార్డు యంత్రానికి ఆనించాను, తలూపాను, పోయి కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు.

అతను అద్దంలో చూశాడు. హైల్వెన్ సంచి ఒళ్లో సర్దుకుంది. అప్పుడు కదిలింది బస్సు, ఇరవైలో. వెనక గెథిన్ బండి. ఆ రోజు హారన్ మోగించలేదు.

పది పద్దెనిమిదికి స్టేషను. ఆ అమ్మాయి గడియారం చూసుకుని ఏదో రాసుకుంది. హైల్వెన్ రైలెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఈస్టరు దాటింది, బస్సు మా ఊరు మానలేదు. తర్వాత కొన్ని రోడ్లకు మళ్లీ ముప్ఫై వచ్చింది. అక్కడ ఎమ్లిన్ ముప్ఫైలోనే పోతాడు, మా వీధిలో ఇరవైలోనే. గెథిన్ ఇప్పటికీ సణుగుతాడు.

ఆ రోజు స్టేషనులో ఎమ్లిన్ ఇంజను ఆపి సీట్లో వెనక్కి తిరిగాడు.

"ఇంక చెప్పు ఆంటీ మెన్నా. నీ మొహం చూస్తే ఒక్కరు కాదనిపిస్తోంది. ఇద్దరా?"

తిరుగు బస్సుకు ఇరవై నిమిషాలు ఉంది. అన్నీ వాడుకున్నాను.