గోడల ఫోటోలు, పాత నంబరు

మా అన్నయ్య పైపుల పని చేస్తాడు. తనకో అలవాటుంది. గోడకి గాడి కొట్టి పైపులు పరిచాక, మేస్త్రీ వచ్చి సిమెంటు మెత్తేలోపు ప్రతి గోడకీ ఫోటో తీసుకుంటాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా మనుషుల్ని అంత శ్రద్ధగా తీయడు. గోడ మూసేశాక లోపల ఏ పైపు ఎటు తిరిగిందో దేవుడికీ, అన్నయ్య ఫోనుకీ తప్ప తెలియదని మా వదిన అంటుంది.

ఫోను నిండినప్పుడల్లా ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి పంపి, ఫోనులోవి చెరిపేసేవాడు. "అక్కడైతే భద్రంగా ఉంటాయే. దొంగలు పడరు, చెదలు పట్టవు" అని నేను అడక్కపోయినా నాకు ధైర్యం చెప్పేవాడు.

ఒకరోజు మా వంటగది గోడే చెమ్మగిల్లింది. ముందు అరచేయంత మరక. చూద్దాంలే అనుకునేలోపు పళ్ళెమంతయింది. ఆ గోడలో పైపులు వేసింది అన్నయ్యే. పైనున్న నీలం టైల్స్ పలకలేమో మా ఆయన ఊరంతా తిరిగి ఏరి తెచ్చుకున్నవి. అన్నయ్య రాగానే మా ఆయన సుత్తి చేతికందించి, "ఎక్కడ కొట్టాలో చూపించు బావా. ఒక్క పలక పోతే ఓర్చుకుంటాను. గోడంతా కొట్టావో, ఇక మా వంట మీ ఇంట్లోనే" అన్నాడు.

"సుత్తి తర్వాత, ముందు ఫోటో చూద్దాం" అంటూ అన్నయ్య దర్జాగా ఫోను తీశాడు. అది కొత్త ఫోను. పాతది అంతకుముందే, నీళ్ళ ట్యాంకులోకి వంగినప్పుడు జేబులోంచి జారి మునిగిపోయింది. కొత్తదాంట్లో క్లౌడ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. గుర్తులేదు. సరే, మీ నంబరుకి ఓటీపీ పంపుతామంది. తెర మీద కనబడ్డ ఆ నంబరు చివరి అంకెలు చూసి అన్నయ్య మొహం పాలిపోయింది. అది ఎప్పుడో వదిలేసిన నంబరు. చవగ్గా వస్తోందని వేరే సిమ్ము తీసుకున్నప్పుడు, క్లౌడ్‌లో నంబరు మార్చడం మర్చిపోయాడు. పాత ఫోనులో ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి ఇన్నాళ్ళూ ఆ సంగతే తెలియలేదు.

కంపెనీవాళ్ళతో మాట్లాడదామంటే మనిషన్నవాడు దొరకలేదు. రాసి పంపితే, "మీరు మీరేనని నిర్ధారించలేకపోయాం" అని జవాబొచ్చింది.

"నేను నేను కాకపోతే మరింకెవర్ని?" అన్నాడు అన్నయ్య దిగాలుగా.

"పెళ్ళైనప్పట్నుంచీ నేనూ అదే అడుగుతున్నా" అంది వదిన.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పూట అన్నయ్యకి ముద్ద దిగలేదు. మా గోడ ఒక్కటే అయితే ఎలాగోలా తంటాలు పడేవాడు. తను పైపులు వేసిన ఇళ్ళన్నీ ఆ తాళం వెనకే ఉండిపోయాయి మరి.

చివరికి తన పాత నంబరుకే ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"నమస్తే అమ్మా. మీ ఫోనుకి ఒక ఓటీపీ వస్తుంది, అది కాస్త చెబుతారా?"

తర్వాత పడ్డాయి చూడండి తిట్లు! స్పీకరు పెట్టకుండానే పక్కనున్న నాకు వినిపించాయి. "సిగ్గులేదట్రా? బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. టికెట్టు లేనివాణ్ణి నడక చూసి పట్టేదాన్ని. నా దగ్గరా నీ వేషాలు?"

"నేను దొంగని కాదమ్మా, పైపులు వేసుకునేవాణ్ణి..."

"ఓహో, ఆ పైపులవాడివి నువ్వేనా!" గొంతు ఇంకా పెరిగింది. "నీ మూలంగా రోజూ ఎవడో ఒకడు ఫోన్ చేసి, కొళాయి కారుతోందని నా ప్రాణం తీస్తున్నాడు. ధైర్యముంటే ఎదురుగా వచ్చి మాట్లాడు!"

తిడుతూనే అడ్రసు చెప్పింది.

ఆడమనిషి పక్కనుంటే కాస్త నమ్ముతుందని అన్నయ్య నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. ఆవిడ తలుపు గొలుసు తీయకుండానే, సందులోంచి చేయి చాపి అన్నయ్య ఫోను అందుకుంది. తెర మీద ఆ ఖాతా తాలూకు అన్నయ్య ఫోటో ఉంది. ఫోటోనీ అన్నయ్యనీ మార్చి మార్చి చూసింది.

"ఇతనికి మీసం ఉంది. నీకేదీ?"

"తీసేశానమ్మా."

"దొంగలందరూ అదే చెబుతారు."

నేను నా ఫోనులోంచి వదినకి వీడియో కాల్ చేశాను. "ఆయనేనండీ. ఆ మీసంతో చీపురుకట్టలా ఉన్నారని నేనే పోరుపెట్టి తీయించాను" అని వదిన సాక్ష్యం చెప్పాకే గొలుసు ఊడింది. ఓటీపీ మాత్రం అప్పుడు కూడా చెప్పలేదు. "ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు వందసార్లు చెప్పారు. నేనే నొక్కుతాను, నువ్వు అటు తిరుగు" అని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో అంకె చూపుడువేలితో పొడిచింది.

తెర నిండా గోడలొచ్చాయి. వేలితో తోస్తూ పోయింది. గోడ, పైపు, గోడ, మళ్ళీ గోడ.

"దీనికోసమా ఇంత రాద్ధాంతం? ఏవో రహస్యాలుంటాయనుకున్నా" అని పెదవి విరిచి తలెత్తితే, అన్నయ్య అటు తిరిగే కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడ మెత్తబడింది. "కూర్చో బాబూ, టీ పెడతాను. ముందు ఆ నంబరు మార్చి చావు" అంది. మార్చేదాకా పక్కనే నిలబడింది కూడా.

మా వంటగది ఫోటోలో, పైపు మలుపు దగ్గర అతుకు స్పష్టంగా కనిపించింది. అన్నయ్య కొలుచుకుని, ఒక్క పలక ఊడదీసి అతుకు మార్చాడు. నీరు కారడం ఆగింది. ఊడిన పలక మాత్రం రెండు ముక్కలైంది, అలాంటి నీలం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. అన్నయ్య తెచ్చిన ఆకుపచ్చ పలక చూసి మా ఆయన నోరెళ్ళబెట్టాడు.

"గుర్తుంటుంది బావా. ఈసారి కారితే ఫోటోతో పనిలేదు" అన్నాడు అన్నయ్య, తాపీగా చేతులు కడుక్కుంటూ.

ఫోటోలు ఇప్పటికీ క్లౌడ్‌లో ఉన్నాయి. కాకపోతే వాటి నకలు ఒక డిస్కులో తన దగ్గర, ఇంకో డిస్కులో మా బీరువాలో పెట్టాడు. పని అవగానే ఎవరి గోడల ఫోటోలు వాళ్ళకే పంపించేస్తున్నాడు కూడా. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "పొరపాటున నాకేవో గోడలొచ్చాయి, చెరిపేయనా?" అని అడిగాడట. అన్నయ్య పరుగున వాళ్ళింటికెళ్ళి, ఆయన్ని గోడ ముందు నిలబెట్టి, ఏ పైపు ఎక్కడుందో ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించి వచ్చాడు.