పెద్ద కార్డూ, నాంచారమ్మగారి నోరూ

మొన్న గుడివాడలో ఒక కంప్యూటర్ షాపులో సేల్స్‌మాన్ కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టె విప్పి, లోపలి వెండిరంగు కవరు చింపాడు. గుప్పున వాసన కొట్టింది. కొత్త ప్లాస్టిక్కూ, లోహమూ, కాస్త జిగురూ కలిసిన వాసన. అది తగిలితే నాకు వెంటనే ఎండుచేపలు గుర్తొస్తాయి. వినేవాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది గానీ, నేను మొదటిసారి ఆ వాసన పీల్చిన గదిలో రెండూ కలిసే ఉండేవి. మా చెల్లెలి కూతురు ఇంజనీరింగులో చేరింది. చదువుకీ గేములకీ పనికొచ్చే కంప్యూటర్ కావాలంటే తోడు వెళ్ళాను. సేల్స్‌మాన్ కార్డుని రెండు చేతులా ఎత్తి చూపిస్తూ, "ఇంత పెద్ద కార్డు మేడం, ఇంక మీరు దేని గురించీ ఆలోచించక్కర్లేదు" అన్నాడు. ప్రాసెసర్ ఏది వేస్తున్నారని అడిగాను. "అదేదో ఒకటి వేస్తాం లెండి, గేము ఆడించేది కార్డే కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సుమారు ఇరవయ్యేళ్ళ కిందట బందరులో ఇదే ధోరణి విన్నాను, ఏమీ మారలేదు. పిల్లకి నచ్చజెప్పి, ఆ షాపు దిగి ఇంకోచోట కొన్నాం. ఇంటికి వచ్చాక కూడా కోపం దిగలేదు. ఈ కోపం నాకు నేర్పిన మనిషి గురించి రాయాలనిపించింది.

ఆవిడ పేరు నాంచారమ్మగారు. గిలకలదిండి రేవులో ఎండుచేపలు టోకున కొని పైఊళ్ళకి లారీల్లో పంపే వ్యాపారం. బందరు బస్టాండుకి దగ్గర్లో సొంత మేడ, కింద చేపల గోడౌను. పైగది ఒక ఇంటర్నెట్ సెంటరుకి అద్దెకిచ్చేవారు. అద్దెకున్నాయన ఎత్తేసి వెళ్ళిపోయాక, అక్కడ గేములాడటం అలవాటైన కాలేజీ పిల్లలు వచ్చి మెట్ల మీద నిలబడి "ఇంక తెరవరా ఆంటీ?" అని దిగులుగా అడిగేవారట. కొన్నాళ్ళు చూసి, తనే గేముల సెంటరు తెరిచేశారు. బందరులో అందరూ నవ్వారు. చేపలమ్ముకునే ఆవిడకి కంప్యూటర్లేంటని బ్యాంకులో గుమాస్తా మొహం మీదే అన్నాడట. "నా చేపల డబ్బులు నువ్వు లెక్కపెట్టంగా లేంది, నేను కంప్యూటర్లు పెట్టకూడదా" అని ఆవిడ అక్కడే అంటించారట. ఆవిడ నోటి గురించి బందరులో కథలు చాలా ఉండేవి.

నేను ఎం.సి.ఏ. అయి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న రోజులు. మా నాన్న కోర్టులో గుమాస్తా. మా ఇంట్లో గట్టిగా మాట్లాడటమంటే కొంపలు మునిగినట్టు. ఎవరైనా ఏదైనా అంటే తల దించుకుని, తర్వాత వంటింట్లో చెప్పుకుని బాధపడటం మా పద్ధతి. సెంటరు చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. నాంచారమ్మగారు గోడౌనులో బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"కంప్యూటర్లు నీకు తెలుసా?"

"తెలుసండీ."

"గట్టిగా చెప్పు, నాకు వినపడలా."

"తెలుసండీ!"

"నాకు తెలీదు. నాకు జనం తెలుసు. ఇద్దరం కలిస్తే సరిపోద్ది. రేపట్నించీ రా."

ఇంటర్వ్యూ అంతే. తర్వాత ఒకరోజు పొద్దున్నే రేవుకి తీసుకెళ్ళారు, నేను చేసే పనికి సంబంధం లేకపోయినా. అక్కడ గంపల్ని వేలంపాట పెడతారు. గంప పైన నిగనిగలాడే చేపలు పేర్చి ఉంటాయి. ఆవిడ పాట పాడేముందు గంప బోర్లించమనేవారు, అందరి ముందూ. బోర్లించనన్నవాడి గంపకి ధర పలికేవారు కాదు. చాలామంది కొనుగోలుదారులు మొహమాటపడి అలా అడగరట. "మొహమాటపడితే కుళ్ళింది ఇంటికొస్తది ఉషమ్మా" అన్నారు, చేతులు కడుక్కుంటూ. నేను ఆ మాటని చేపల వ్యవహారంగానే విన్నాను.

సెంటరులో ఎనిమిది మిషన్లు నేను చేరకముందే బెజవాడ డీలరు ఒకాయన వచ్చి అమర్చి వెళ్ళాడు. ఆ రోజుల్లో మావైపు గేముల మిషనంటే ఒకటే ప్రశ్న: కార్డు ఎంత? పెళ్ళికొడుకు ఏం చదివాడని అడిగినట్టు, కార్డులో మెమరీ ఎంతని అడిగేవారు. మిగతావి అడగడం ఎవరికీ తెలియదు, డీలర్లు చెప్పేవాళ్ళూ కాదు. ఈయన ఆ సంగతి బాగా కనిపెట్టాడు. బందరులో ఎవరి దగ్గరా లేనంత పెద్ద కార్డులు వేసి, వాటి పక్కన ఆఫీసుల్లో టైపు పనికి సరిపోయే చిన్న ప్రాసెసర్లు పెట్టాడు. అమర్చిన రోజు ఒక మిషను మీద ఒక్కణ్ణి కూర్చోబెట్టి, మనుషులెవరూ లేని మైదానంలో గేము నడిపి చూపించాడట. గడ్డి కదిలిందట, నీళ్ళు మెరిశాయట. నాంచారమ్మగారు ముచ్చటపడి తీసుకున్నారు. రేవులో గంప బోర్లించే మనిషికి, ఈ పెట్టెని ఎలా బోర్లించాలో తెలియలేదు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. ఆ చూపించినవాడికి మాత్రం తెలుసు.

వేసవి సెలవులకి పిల్లలు విరగబడి వచ్చారు. ఒక్కొక్కరూ విడిగా ఆడుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఎనిమిదిమందీ ఒకే ఆటలో చేరి, అందరూ ఒకచోటికి వచ్చి కాల్పులు మొదలెట్టేసరికి తెర ఆగి ఆగి కదిలేది. గురి పెట్టినవాడు నొక్కేలోగా ఎదుటివాడు మాయమయ్యేవాడు. పిల్లలు మౌసులు బల్లకేసి కొట్టేవారు. "ఆంటీ, మా డబ్బులు దండగ" అని లేచిపోయేవారు. రెండో వీధిలో ఇంకో సెంటరు ఉంది, అందరూ అటు మళ్ళడం మొదలెట్టారు. నేను మిషన్లలో అన్నీ తీసేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను, దుమ్ము దులిపాను, ఫ్యాన్లు చూశాను. ఏం చేసినా జనం చేరితే అదే తంతు.

డీలరుకి ఫోన్ చేస్తే స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మిషను మీద చెయ్యి కూడా వెయ్యకుండా, నా వైపు ఒకసారి చూసి, నాంచారమ్మగారితో అన్నాడు: "మిషన్లు బంగారమండీ. ఈ అమ్మాయికి చేతకావట్లేదు. ఆడపిల్లకి గేముల సంగతి ఏం తెలుసుద్ది చెప్పండి? మా కుర్రాణ్ణి పంపిస్తా, పెట్టుకోండి. ఇంకా పెద్ద కార్డులు కూడా వచ్చాయి, అవి వేయించుకుంటే మంచిది."

గది నిండా పిల్లలున్నారు. అందరూ విన్నారు. బందరు ఎంత ఊరు? ఫలానా గుమాస్తాగారమ్మాయికి కంప్యూటర్ రాదట అన్న మాట సాయంత్రానికి మా వీధికి వచ్చేస్తుంది. ఆ మాట పడ్డాక ఇంకెవరు ఉద్యోగమిస్తారు? నేను మాత్రం తల దించుకున్నాను. ఇంట్లో నేర్పిన విద్య అదే కదా. నాంచారమ్మగారు నన్నే చూస్తూ ఉండిపోయి, "ఆలోచిస్తాలే అయ్యా" అని అతన్ని పంపేశారు. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

అతనన్న మాటకి నిద్రపట్టక, కాలేజీలో చదివిన పుస్తకాలన్నీ మళ్ళీ తీశాను. రెండు రోజుల్లో సంగతి తేలింది. గోడౌనులోకి వెళ్ళి నాంచారమ్మగారికి చెప్పాను. కార్డు పని బొమ్మ గీయడం. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి గుండు ఎవరికి తగిలింది, ఎవరు పడిపోయారు, ఇదంతా లెక్కగట్టి, ఇప్పుడు ఇది గియ్యి అని కార్డుకి చెప్పేది ప్రాసెసర్. ఖాళీ మైదానంలో లెక్కగట్టేది పెద్దగా ఏమీ ఉండదు, అందుకే ఆ రోజు గడ్డి అంత అందంగా కదిలింది. జనం చేరితే లెక్క పెరుగుతుంది, చిన్న ప్రాసెసర్ అందుకోలేదు.

"మరి కార్డు అప్పుడేం చేస్తది?"

"ప్రాసెసర్ చెప్పేదాకా ఊరికే కూర్చుంటుందండీ."

"అంటే కూర్చునేవాడికి పెద్ద జీతమిచ్చి, చాకిరీ చేసేవాడికి గంజి పోస్తన్నానా?"

"అంతేనండీ."

"రుజువు చెయ్యగలవా?"

చెయ్యగలనన్నాను. తెర మీద బొమ్మని చిన్నది చేసి, నీడలూ మెరుపులూ తీసేస్తే కార్డుకి బరువు తగ్గుతుంది. అప్పుడు ఆట వేగం పుంజుకుంటే లోపం కార్డుది. అప్పటికీ అలాగే ఈడుస్తుంటే, లోపం లెక్కగట్టేవాడిది. ఆవిడ మొహం వెలిగింది. "గంప బోర్లించటమే గదే ఇది!" అని తొడ మీద చరుచుకున్నారు. డీలరుని మళ్ళీ పిలిపిస్తానన్నారు.

"మీరే చెప్పండి ఆయనకి, నాకు గొంతు రాదు" అన్నాను.

అప్పుడు ఆవిడకి నిజంగా కోపం వచ్చింది, నా మీద. "మాటన్నది ఎవర్ని? నిన్ను. నీ బదులు నేను కోప్పడితే రేపు నేను లేనప్పుడు ఎవరు కోప్పడతారు? ఆ రోజు ఎందుకు నోరు మూసుకున్నానో తెలుసా? నువ్వేమన్నా అంటావేమోనని చూశా. నేలచూపులు చూశావు. నాకెంత ఒళ్ళు మండిందో!"

ఆదివారం పొద్దున సెంటరు నిండుగా ఉన్నప్పుడే డీలరుని రప్పించారు. పెద్ద కార్డులు కొంటారేమోనని సంతోషంగా వచ్చాడు. ఘంటసాల నుంచి రోజూ కాలేజీకి వచ్చే శ్రీనివాస్ అనే విద్యార్థి చేత ఇంట్లో తను సొంతంగా బిగించుకున్న మిషను కూడా తెప్పించి, మా వాటితో కలిపి ఉంచాను. దాంట్లో కార్డు మామూలుది, డీలరు ముట్టుకోని రకం. ప్రాసెసర్ మాత్రం మంచిది.

ఆట మొదలైంది. అందరూ ఒకచోట చేరారు, తెరలు ఆగి ఆగి కదిలాయి. "చూశారా, కార్డు చాలట్లేదు" అన్నాడాయన. నాంచారమ్మగారు నా వైపు చూశారు. నేనే ముందుకొచ్చి మాట్లాడాను. అన్ని మిషన్లలోనూ బొమ్మ చిన్నది చేయించాను, అందాలన్నీ తీయించాను. తెర చూడ్డానికి బోసిగా తయారైంది గానీ, ఆగడం ఆగలేదు. "ఇప్పుడు కార్డుకి పనే లేదండీ. మరి ఎందుకు ఆగుతోంది?" అని అడిగాను. శ్రీనివాస్ తెర చూడమన్నాను. అదే ఆట, అదే గుంపు, సాఫీగా నడుస్తోంది. పిల్లలంతా లేచి వాడి కుర్చీ వెనక చేరారు.

డీలరు నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కంపరం. "మీరు పెద్ద కార్డు అడిగారమ్మా, పెద్ద కార్డు ఇచ్చాను. ప్రాసెసర్ గురించి మీరు అడగలేదు, నేను చెప్పలేదు. నాది తప్పెలా అవుద్ది?"

ఈ మాట గురించి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు రక్తం ఉడుకుతుంది. ఆ కార్డు చెడ్డది కాదు. ఆ ప్రాసెసరూ చెడ్డది కాదు, ఆఫీసు బల్ల మీద హాయిగా బతికేది. రెండింటినీ తెలిసి తెలిసి జతకట్టి, ఒకదాని గొప్ప చూపించి ఇంకొకదాన్ని దాచినవాడిది తప్పు. పైగా ఆ తప్పు బయటపడబోతే, అక్కడ నోరెత్తలేని మనిషి ఎవరో చూసుకుని ఆమె నెత్తిన రుద్దడం! తెలియక అడగనివాళ్ళకి తెలిసినవాడు చెప్పకపోవడాన్ని వ్యాపారమంటే నేను ఒప్పుకోను. దానికి మోసమని పేరుంది.

నాంచారమ్మగారు లేచారు. "అడగలేదా? మా రేవులో గంప అడుగున కుళ్ళింది పెట్టినోడు కూడా ఇదే కూత కూస్తాడయ్యా. ఆణ్ణి మళ్ళీ రేవులో అడుగెట్టనివ్వం. ఈ పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో నువ్వమ్మిన పెట్టెలే ఉన్నాయి. ఇయ్యాళే ఇళ్ళకెళ్ళి బోర్లిస్తారు, చూసుకో!" పిల్లలు గొల్లుమన్నారు. ఆయన మొహం మాడిపోయింది. పెద్ద కార్డులు వెనక్కి తీసుకుని మంచి ప్రాసెసర్లూ మామూలు కార్డులూ వేస్తానని ఒప్పుకున్నాడు. "సరేనమ్మా, పొరపాటైంది" అన్నాడు.

"నాతో కాదు. ఆ అమ్మాయితో చెప్పు."

"ఏదో మాటవరసకి అన్నాలెండి..."

"పదిమందిలో అన్నావు. పదిమందిలో చెప్పు."

ఆయన గోడ వైపు చూస్తూ, "మీకు పని వచ్చండీ" అన్నాడు. గొణిగాడు. నాంచారమ్మగారు ఏదో అనబోతుంటే నేనే అందుకున్నాను. "గట్టిగా చెప్పండి సార్, నాకు వినపడలేదు." ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి మెట్ల మీద ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. నాంచారమ్మగారు నన్ను చూసి నవ్విన నవ్వు నాకు వచ్చిన ఏ సర్టిఫికెట్టుకన్నా ఎక్కువ.

కథ అక్కడితో సుఖంగా ముగిస్తే బాగుండేది. ఆ డీలరు బందరు రావడం మానేసి గుడివాడలో షోరూము తెరిచాడు, బంటుమిల్లి వైపు చేపల చెరువుల రైతుల పిల్లలకి అవే జతలు అమ్ముకుని బాగుపడ్డాడు. బందరులో మాత్రం ఆ సంగతి ఇంకోలా చెప్పుకున్నారు. "పాపం పెద్దమనిషిని చేపలావిడ పదిమందిలో కడిగేసింది" అని. అతని అబద్ధానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. ఆవిడ నిజానికి మాత్రం నోరని పేరు పెట్టారు. మగవాడు అంటే గట్టిమనిషి, ఆవిడ అంటే గయ్యాళి. తర్వాత ఇళ్ళల్లోకే కంప్యూటర్లు వచ్చి సెంటరు మూతపడింది. నేను బెజవాడలో ఒక కంపెనీలో చేరాను. మిషన్లు కొనేముందు పరీక్షించే పని. అక్కడ మొహమాటం లేని మనిషినని నాకు పేరు, అది మెప్పో దెప్పో నేను పట్టించుకోలేదు.

నాంచారమ్మగారు రెండేళ్ళ కిందట పోయారు. పెద్దకర్మ రోజు బందరు వెళ్ళాను. భోజనాల దగ్గర పెద్దవాళ్ళు కూర్చుని ఆవిణ్ణి తలుచుకుంటున్నారు. ఖద్దరు చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన నిట్టూర్చి, "నోరు మంచిది కాదు గానీ, మనసు వెన్నండీ" అన్నాడు. అందరూ తలలూపారు. పోయిన మనిషిని పొగుడుతున్నామనే అనుకుంటున్నారు.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. "మనసు సంగతి సరే, ఆవిడ నోరే మంచిదండీ" అన్నాను. "ఆ నోరు లేకపోతే ఈ ఊళ్ళో నాకు పని రాదని పేరు పడి, ఇవాళ్టికీ ఇంట్లో కూర్చునేదాన్ని. ఎవరో అబద్ధం చెబుతుంటే మీరంతా మంచి నోళ్ళు పెట్టుకుని ఊరుకున్నారు కదా, దాన్నేమంటారు?"

పక్కన కూర్చున్న మా అమ్మ నా చీర కొంగు పట్టుకుని లాగింది, మెల్లగా మాట్లాడమని. నేను మెల్లగా మాట్లాడలేదు.